గోదావరి ఓడలు: నాలుగు గ్రంథాలు, ఒక లోపం

ఓడ నీటిలో దిగిన రోజును చరిత్ర గుర్తుంచుకొనును. 1948 మార్చి 14న విశాఖపట్నంలో ‘జలఉష’ అను ఓడకు ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించిన సంగతి చరిత్ర పుస్తకాలలో ఉన్నది. అదే ఓడ అడుగున పట్టిన గుల్లలను గీకివేసిన రోజు గాని, తుప్పుపట్టిన మేకును మార్చిన రోజు గాని ఏ పుస్తకంలోను కనిపించదు. ఓడను కట్టుట కొన్ని నెలల పని. దానిని చెడకుండ కాపాడుట ఆ ఓడ బ్రతికినంత కాలము సాగవలసిన పని. అయినను మొదటి దానిని గురించి వ్రాసినంతగా రెండవ దానిని గురించి ఎవరును వ్రాయలేదు.

ఈ లోపము గోదావరి డెల్టా విషయంలో మరింత స్పష్టముగా కనిపించును. ఇరువదవ శతాబ్ది తొలి దశకాలలో ఈ ప్రాంతమున సరకు మోసిన ఓడలను, పడవలను గురించి తెలిసికొనగోరు ఉపాధ్యాయునికి ఇంగ్లీషులో ముఖ్యముగా నాలుగు రచనలు దొరకును. మొదటిది థామస్ బౌరీ అను ఇంగ్లీషు నావికుడు 1669 – 1679 మధ్య బంగాళాఖాతపు తీరదేశాలను చూచి వ్రాసినది. ఇది హక్‌లూయిట్ సొసైటీవారి ద్వారా 1905లో అచ్చయినది. రెండవది జాన్ ఎడై 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించిన వ్యాసము. మూడవది ఎఫ్. ఆర్. హెమింగ్‌వే 1907లో వెలువరించిన గోదావరి జిల్లా గెజెటీరు. నాలుగవది జేమ్స్ హార్నెల్ 1920లో భారతదేశపు పడవల రూపాలపై ప్రకటించిన పరిశోధన గ్రంథము. ఈ నాలుగింటిని ఒకచోట చేర్చి, “ఓడకు కావలసిన సామగ్రి ఎచటి నుండి వచ్చినది? ఓడను ఎట్లు కాపాడినారు?” అని అడిగినచో, ఏది ఎంతవరకు జవాబు చెప్పునో తేలును.

మూడు విధాల నీరు

ముందుగా ఈ ఓడలు తిరిగిన నీటి స్వభావమును గ్రహింపవలెను. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో ప్రారంభమై 1852లో ముగిసినది. దాని నుండి బయలుదేరిన కాలువలలో సుమారు 500 మైళ్ళ మేర పడవలు నడిచెడివి. కృష్ణా కాలువల మీదుగా, బకింగ్‌హాం కాలువ మీదుగా కాకినాడ నుండి మద్రాసు వరకు లోతట్టు జలమార్గం ఉండినది. 1900లో రాజమహేంద్రవరం వద్ద హేవలాక్ వంతెనపై రైలు నడిచిన తరువాత కూడ వడ్లు, బియ్యం, కొబ్బరికాయలు కాలువ పడవలమీద రేవు చేరుచునే యుండెను. ఇది మంచినీరు.

కోరంగి, తాళ్ళరేవు వద్ద ఉన్నది మొగ నీరు. ఆటుకు ఒక విధముగా, పోటుకు ఒక విధముగా, వరదలో మరొక విధముగా దాని ఉప్పదనం మారుచుండును. ఇక మూడవది సముద్రము. కాకినాడ రేవు మెరకవలన పెద్ద స్టీమర్లు మైళ్ళ దూరమున లంగరు వేయగా, లైటర్లు అను సరకు పడవలు వాటికి, ఒడ్డుకు మధ్య తిరిగెడివి. కోరంగి ధోనీలు బంగాళాఖాతము దాటి బర్మా వరకు పోయెడివి. బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చినది ఈ రేవు వలననే. మూడు నీళ్ళలోను కొయ్యకు శత్రువులు వేరువేరు. కనుక కాపాడు విధానములు కూడ వేరు కావలసియున్నవి.

అవసరము గల నావికుని కన్ను

నాలుగింటిలో పాతదైన బౌరీ రచనయే ఈ ప్రశ్నకు ఎక్కువ జవాబు చెప్పుట ఆశ్చర్యము. నరసాపురము, మాధవాయపాలెములను గురించి వ్రాయుచు ఆయన అక్కడ మంచి కలప, మంచి ఇనుము దొరకుననియు, మేకులు, బోల్టులు, లంగర్లు అక్కడి కమ్మరులు నేర్పుతో చేయుదురనియు చెప్పినాడు. ఓడ తాళ్ళు పేనుటలో అక్కడివారి పద్ధతిని మెచ్చుకొన్నాడు. ఓడను నీటిలోనికి దింపుటలో వారు చూపిన జాగ్రత్తను తాను చూచిన ఏ దేశపువారి జాగ్రత్తకును తీసిపోనిదిగా ఎంచినాడు.

బౌరీ శాస్త్రజ్ఞుడు కాడు. అయితే ఓడను నడుపుకొనవలసినవాడు. విరిగిన లంగరుకు బదులు ఎక్కడ దొరకును, తెగిన తాడు ఎవరు పేని ఇత్తురు అనునవి అతనికి ప్రాణావసరములు. అందుచేత ఓడను ఒక ఆకారముగా గాక, అనేక వృత్తులవారి పని కలిసిన వస్తువుగా చూచినాడు. అయితే ఓడకు సామగ్రి కూర్చుటను చూచినంతగా, ఏటేట జరుగు మరమ్మతును అతడును చూడలేదు.

కొలిచినవాడు, తూచలేనివాడు

జాన్ ఎడై త్రింకోమలీలోని బ్రిటిషు నౌకాశాలలో ప్రధాన నిర్మాతగా పనిచేసినవాడు. కొలతలలో ఆయనకు సాటిలేదు. ధోనీ పొడవు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు, లోతు 12 అడుగులు అని చెప్పి, దాని అడుగు బల్లపరుపుగా ఉండుటను గుర్తించినాడు. ఇంతవరకు మెచ్చదగినదే. పిమ్మట తీర్పు చెప్పుచు, ఈ ఓడల కట్టుబడి, సామగ్రి రెండును మోటువనియు, సముద్రమునకు తగినవి కావనియు వ్రాసినాడు. ఈ తీర్పును పరీక్షింపవలెను.

బల్లపరుపు అడుగు గల ఓడ ఆటు సమయమున బురదమీద నిటారుగా కూర్చుండును. కోసుగా ఉన్న అడుగు గల ఓడ పక్కకు ఒరుగును. కాకినాడ ప్రాంతమున పున్నమి, అమావాస్యల పోటుకును ఆటుకును భేదము సుమారు 5 అడుగులు ఉండును. సరకు దించివేసిన ధోనీని అట్టి పోటున మొగలోని ఎత్తైన బురదమీదికి చేర్చినచో, ఆటు రాగానే దాని అడుగు బయటపడును. డ్రై డాకు, ఆవిరి పంపు లేకుండనే గీకుట, మేకులు మార్చుట, సందులు కూరుట సాధ్యమగును. తరువాతి పెద్ద పోటుకు ఓడ తిరిగి తేలును. పైగా మొగవద్ద ఇసుకమేటలను దాటుటకు కూడ ఇట్టి అడుగే అనుకూలము. అనగా ఎడై లోపముగా చూచినది కాపాడుకొనుటకు అనువైన గుణము. బ్రిటిషు నౌకాశాలలో డాకు, క్రేను ఉన్నవని తలచి కొలిచినవానికి, అవి లేనిచోట ఓడ రూపమే డాకు పని చేయునని తోచలేదు.

రెండవ ఉదాహరణ మరింత విచిత్రము. ఈ నావికులు మోటుగా ఓడ నడుపుదురని చెప్పుచునే, వారు అక్షాంశమును కొలుచు సాధనమును ఆయన వర్ణించినాడు. అది ఒక చిన్న చదరపు పలక. దాని నడుమ కట్టిన త్రాటికి ముడులుండును. పలక క్రింది అంచు క్షితిజమును, పై అంచు ధ్రువనక్షత్రమును తాకునట్లు పట్టుకొని, త్రాడును ముఖము వద్దకు లాగి, ఏ ముడి వచ్చినదో చూతురు. విద్యార్థులు దీనిని లెక్కకట్టవచ్చును. పలక ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకొన్నచో, 17 డిగ్రీల అక్షాంశమున ఉన్న కాకినాడకు ముడి సుమారు 33 సెంటీమీటర్ల వద్దను, 13 డిగ్రీల వద్దనున్న మద్రాసుకు సుమారు 43 సెంటీమీటర్ల వద్దను పడును. ఎత్తును టాంజెంటుతో భాగించినచో ఈ అంకెలు వచ్చును. రెండు ముడుల నడుమ ఉన్న 10 సెంటీమీటర్లు 4 డిగ్రీలకు, అనగా 240 నాటికల్ మైళ్ళకు సమానము. ఒక సెంటీమీటరు తప్పినచో 24 మైళ్ళు తప్పును. ధ్రువనక్షత్రము సరిగా ధ్రువస్థానమున లేకపోవుటవలన మరికొంత తేడా వచ్చును. సాధనము సూక్ష్మము కాదు, నిజమే. కాని తీరము వెంట రేవును పోల్చుకొనుటకు చాలును. త్రికోణమితి సూత్రమును త్రాటి ముడులలో బంధించిన పనిని మోటు అనుట విమర్శ కాదు, అలవాటు.

ఐదు అధ్యాయములలో చీలిన పడవ

హెమింగ్‌వే గెజెటీరు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళకు ముఖ్యమైన ఆధారము. నేటికిని గోదావరి మండల చరిత్ర వ్రాయువారు దానిని విడిచి ముందుకు పోలేరు. ఒకప్పుడు కలకత్తాకు, త్రింకోమలీకి మధ్య పెద్ద ఓడలను డాకులోనికి చేర్చగలిగిన రేవుగా కోరంగికి పేరుండుట, ఒండ్రువలన అది క్షీణించుట, ఓడల నిర్మాణము తాళ్ళరేవు వైపు మిగులుట వంటి సంగతులు పాఠకులకు చేరినది ఇట్టి గెజెటీర్ల ద్వారానే.

దోషమున్నది దాని చట్రములో. మద్రాసు జిల్లా గెజెటీర్లన్నియు ఒకే నమూనాలో వ్రాయబడినవి. వ్యవసాయము, నీటిపారుదల ఒక అధ్యాయము, అడవులు ఒకటి, వృత్తులు, వర్తకము ఒకటి, రాకపోకలు ఒకటి, వర్షము, ఋతువులు ఒకటి, చివర తాలూకాల వారీగా ఊర్ల వర్ణన. ఇప్పుడు ఒక పడవను తలచుకొనవలెను. దాని కలప అడవుల అధ్యాయమునకు చెందును. దానిని కట్టిన వడ్రంగి వృత్తుల అధ్యాయమునకు, అది నడిచిన కాలువ నీటిపారుదలకు, రాకపోకలకు, దానిని ముంచు తుపాను ఋతువులకు, అది కట్టబడిన ఊరు చివరి అధ్యాయమునకు చెందును. కలప, వృత్తి, నీరు, ఋతువు కలిసినపుడే పడవను కాపాడు పని అర్థమగును. ఈ నమూనా వాటిని విడదీసినది. పడవ మరమ్మతు ఏ శీర్షిక క్రిందను పూర్తిగా ఇమడదు.

దీనికి తోడు జిల్లా సరిహద్దు ఒకటి. 1904 మార్పులలో నరసాపురము తాలూకా కృష్ణా జిల్లాలో చేరినది. 1925లో గాని పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడలేదు. అందుచేత బౌరీ మెచ్చుకొన్న రేవును 1907 గోదావరి గెజెటీరులో ఆ జిల్లా భాగముగా వెదకుట వ్యర్థము. ఓడలకు ఒకే డెల్టా అయినది కాగితముమీద రెండు జిల్లాలు.

కాగితములను బట్టి వ్రాయుటలో మరొక వంపు కూడ ఉన్నది. ధవళేశ్వరం వర్క్‌షాపువంటి ప్రభుత్వశాలలో చేసిన పనికి ఇండెంటు, బిల్లు, జమాఖర్చు ఉండును. 1890 నాటి మద్రాసు కాలువలు, ఫెర్రీల చట్టము క్రింద పడవకు లైసెన్సు ఉండును. బురదమీద కూర్చున్న ధోనీకి వడ్రంగి కూరిన నారకు కాగితము ఉండదు. కాగితము లేని పనిని పరిపాలకుడు తక్కువగా చూచుట సహజము. కాని అది తక్కువగా జరిగినదని పాఠకుడు అనుకొన్నచో పొరబాటగును.

పుట్టుకను వెదకిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు

మద్రాసు ప్రభుత్వ చేపల శాఖలో పనిచేసిన హార్నెల్ ఎడై వలె తీర్పులు చెప్పడు. తెప్ప నుండి ధోనీ వరకు ప్రతి రూపమును శ్రద్ధతో పరిశీలించి, ఓడ ముందుభాగమున దిద్దిన కన్నులవంటి ఆచారములను సైతము గుర్తించినాడు. నాలుగింటిలో గౌరవము నిండిన చూపు ఈయనదే. అయితే ఆయన ప్రశ్న వేరు. ఈ రూపము ఏ దేశము నుండి, ఏ జాతి వలన వచ్చినది అనునదే ఆయన ప్రధాన విచారణ. పడవను మ్యూజియములోని నమూనావలె పోల్చిచూచుటకు ఇది చక్కని మార్గము. కాని మ్యూజియములోని పడవకు పురుగు పట్టదు, మేకు తుప్పుపట్టదు.

విడిచిన విషయములు

ఈ గ్రంథములు విడిచినదానిని విజ్ఞానశాస్త్రము సహాయముతో కొంతవరకు పూరింపవచ్చును. ఓడలో మూడు మండలములున్నవి: నీటి అడుగు, నీటి అంచు, నీటి పైభాగము.

ఉప్పునీటిలో అడుగు పలకలకు ప్రధాన శత్రువు టెరిడో. దీనిని ఓడపురుగు అందురు గాని ఇది పురుగు కాదు, ఆలిచిప్పల జాతికి చెందిన మెత్తని ప్రాణి. దాని చిన్న గుల్లలే కొయ్యను తొలుచు బరమా. పిల్లదశలో సూదిమొన అంత రంధ్రముతో ప్రవేశించి, లోపలనే పెరుగును. అందుచేత పైకి పలక చక్కగానే కనిపించి లోపల జల్లెడగా మారును. దాని మొప్పలలోని బాక్టీరియా సెల్యులోజును జీర్ణము చేయుటకు తోడ్పడునని 1983లో తేలినది. విశాఖపట్నం రేవులో కొయ్యను తొలుచు ప్రాణులపై ఆంధ్ర విశ్వవిద్యాలయములో పి. ఎన్. గణపతి, ఆయన సహచరులు పరిశోధన చేసినారు.

రాగి రేకు తాపడము టెరిడోను ఆపును, కాని ఖరీదు ఎక్కువ. రాగి రేకు క్రింద ఇనుప మేకులున్నచో ఉప్పునీటిలో రెండు లోహములు విద్యుత్ ఘటమువలె పనిచేసి ఇనుము వేగముగా తినివేయబడును. ఇదే విద్యుత్ చర్యను వినియోగించుకొని హంఫ్రీ డేవీ 1824లో జింకు, ఇనుప ముక్కలతో రాగిని కాపాడు పద్ధతిని ప్రయోగించినాడు. రాగి కొనలేని యజమానికి గోదావరియే మందు. జూలై నుండి అక్టోబరు వరకు వరదనీరు మొగలో ఉప్పదనమును తగ్గించును. మంచినీటిలో టెరిడో బ్రతుకజాలదు. అయితే అది తన రంధ్రమును మూసికొని కొన్ని వారములు ఓర్చుకొనగలదు. కనుక నాలుగు రోజులు నదిలో ఉంచిన చాలదు. ఒక ఋతువు కావలెను. ఓడకు విశ్రాంతి అనిపించునది నిజమునకు చికిత్స.

నీటి అంచు వద్ద శత్రువు శిలీంధ్రము. దానికి తేమయు కావలెను, గాలియు కావలెను. పూర్తిగా మునిగిన కొయ్యలో గాలి చాలదు. పూర్తిగా ఎండిన కొయ్యలో తేమ చాలదు. తడిసి ఆరు చోటనే కుళ్ళు పుట్టును. కాలువ పడవలకు టెరిడో బెడద లేదు గాని ఈ కుళ్ళు ఉన్నది. దానిని అడ్డుటకు చేపనూనె, గుగ్గిలము వంటి పూతలు. ఇవి కొయ్యలోనికి నీరు చేరుటను మందగింపజేయును.

కాలువ పడవకు మరొక పరీక్ష వేసవి. ఏటా ఏప్రిల్ ప్రాంతమున మరమ్మతులకై కాలువలు కట్టివేసినపుడు, గట్టెక్కిన పడవ ఎండను. కొయ్య నిలువున కుంచించదు, అడ్డమున కుంచించును. 20 సెంటీమీటర్ల వెడల్పు గల పలక నూటికి మూడు వంతులు తగ్గినను 6 మిల్లీమీటర్ల సందు ఏర్పడును. పాత నారను లాగివేసి, కొత్త నార కూరి, గుగ్గిలము పూయుటకు అదే అదను. ఎంత కూరవలెనన్నది వడ్రంగి అంచనా. తక్కువైనచో కారును, ఎక్కువైనచో, నీటిలో దిగిన పలకలు ఉబ్బినపుడు చోటు చాలక మేకులు సడలును. ఇది సుత్తి చప్పుడును బట్టి తెలిసికొను విద్య.

పైభాగమున తాళ్ళు, తెరచాపలు. కోనసీమ కొబ్బరి పీచులో లిగ్నిన్ అధికము. అందుచేత పీచుతాడు ఉప్పునీటికి ఓర్చును. నూలు తెరచాప బూజుకు లొంగును. తుమ్మ, మడ చెట్ల బెరడువంటి వగరు చెక్కల కషాయము బూజును అడ్డగించును.

ఇవన్నియు తెలిసినపుడు కోరంగి క్షీణతను గురించిన వాడుక మాటను కూడ తిరిగి ఆలోచింపవలసియున్నది. ఒండ్రు పేరుకొన్నది, స్టీమరు వచ్చినది, రేవు పోయినది అని చెప్పుదురు. ఇది నిజమే గాని అసంపూర్ణము. ఉక్కు ఓడకు కావలసినది రివెట్లు, బాయిలరు పలకలు, లేతు యంత్రము. బాడిస, నార, గుగ్గిలము దానికి అక్కరకు రావు. కోరంగి పోగొట్టుకొన్నది లోతును మాత్రమే కాదు, మరమ్మతుకు వచ్చు ఓడలను. మరమ్మతు పోయిన రేవులో కమ్మరి, తాళ్ళు పేనువాడు, నూనె అమ్మువాడు కూడ నిలువజాలరు.

విమర్శకు ప్రయోజనము

ఈ విచారణ గడిచిన కాలమునకే పరిమితము కాదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం సమీపమున కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి, పదుల కొలది జనము ప్రాణములు కోల్పోయినారు. లోతైన సుడులలో చిక్కిన ఆ పడవను అక్టోబరు 22న పైకి తెచ్చినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము. వారు లంగర్లతో, ఇనుప తాళ్ళతో ప్రయత్నించి, విఫలమై, మరల ప్రయత్నించి, గజ ఈతగాళ్ళ సాయముతో పని ముగించినారు. నీటి వాలు, త్రాటి బిగువు, లంగరు పట్టు ఎరిగిన జ్ఞానము కాకినాడ తీరమున ఇంకను జీవించి ఉన్నదని ఆ దినమున రాష్ట్రమంతయు చూచినది. నాలుగు గ్రంథములలో ఒక్కటియు ఆ జ్ఞానమునకు తగిన చోటు ఇయ్యలేదు.

కనుక ఈ గ్రంథములను త్రోసివేయక, ఒకదానిలోని వెలితిని మరొకదానితో పూరించుచు చదువవలెను. ఎడై కొలతలను స్వీకరించి తీర్పును పరీక్షింపవలెను. గెజెటీరులోని ఐదు అధ్యాయములను ఒక పడవ చుట్టు తిరిగి కూర్చవలెను. మిగిలినది రేవులలో ఉన్నది. ఫైబరు పడవలు వచ్చి కొయ్య పని తగ్గిన ఈ రోజులలో, తాళ్ళరేవు, నరసాపురం, కాకినాడ ప్రాంతపు ఉన్నత పాఠశాలల విద్యార్థులు వృద్ధులైన వడ్రంగులను, సరంగులను కలిసికొని పడవ భాగముల పేర్లు, కలప ఎంపిక, నార కూరు విధము వ్రాసికొనవచ్చును. రెండు మేకులను, ఒకటి ఉప్పునీటిలోను ఒకటి కాలువ నీటిలోను ఉంచి నెలకొకసారి తూచవచ్చును. ఎండిన పలక వెడల్పును కొలిచి, నానిన పిదప మరల కొలువవచ్చును. అట్టి పది పాఠశాలల నోటు పుస్తకములు ఒకచోట చేరినచో, హెమింగ్‌వే వ్రాయలేకపోయిన అధ్యాయమునకు కావలసిన సామగ్రి సమకూడును.